నల్లబల్ల ఆనని పిల్ల

పోయిన నెల మా మనవరాలి బడి నుంచి ఒక కాగితం వచ్చింది. పిల్లలకు కంటి పరీక్ష చేయిస్తామని, తల్లిదండ్రులు సంతకం పెట్టి పంపాలని అందులో ఉంది. కింద కొన్ని ప్రశ్నలు. పిల్ల టీవీకి బాగా దగ్గరగా కూర్చుంటుందా, చదివేటప్పుడు పుస్తకం మొహానికి ఆనించుకుంటుందా, తలనొప్పి అంటుందా. మా అమ్మాయి ఆఫీసుకు పోయే తొందరలో నిలబడే అన్నిటికీ ‘లేదు’ అని టిక్కులు పెట్టి, సంతకం గీకి, కాగితాన్ని పిల్ల బ్యాగులో పెట్టేసింది. అర నిమిషం పని. నేను దాన్ని మళ్లీ బయటికి తీసి రెండుసార్లు చదివాను. “ఏందమ్మా, ఏమన్న తప్పు రాసిన్నా?” అని అడిగింది. “లేదు, బాగనే రాసినవ్” అన్నాను. వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఐదో తరగతిలో నాతో చదివిన సారక్క గుర్తుకొచ్చింది. ఆమె గురించి ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆమె గురించి చెప్పాలంటే నా గురించి కూడా చెప్పాలి. అందుకే చెప్పలేదు.

మాది వరంగల్‌లో ధాన్యం గంజ్‌కు పోయే సందులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెండింటికీ మధ్య ఒక పొడుగాటి చీకటి గది. ఆ గదిలో బస్తాలు, నూనె డబ్బాలు, చింతపండు గోనెలు, వాటి మధ్య మా బాపమ్మ మంచం. బాపమ్మ అంటే నాయనమ్మ, మా బాపు తల్లి. ఇంట్లో అందరికంటే ముందు ఆమె లేచేది. ఆమె లేచిన కాసేపటికి నల్లా నీళ్లు వచ్చేవి. అమ్మ బొగ్గుల పొయ్యిని బయట అరుగు మీద పెట్టి విసనకర్రతో విసిరి, పొగ పోయాక లోపలికి తెచ్చేది. బాపు స్నానం చేసి దుకాణం తలుపు చెక్కలు ఒక్కొక్కటే ఊడదీసి వరుసగా గోడకు నిలబెట్టేవాడు. వాకిట్లో నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి, తక్కెడకు దండం పెట్టుకున్నాకే ఎవరితోనైనా మాట్లాడేవాడు. బోణీ అయ్యేదాకా పిల్లలం దుకాణంలో అడుగు పెట్టకూడదు. ఊదుబత్తి, ఎండు మిరపకాయ, బెల్లం, కిరసనాయిలు అన్నీ కలిసిన ఒక వాసన మా బట్టల్లో, జుట్టులో, చివరికి నా పలకకు కూడా పట్టి ఉండేది. బళ్లో పిల్లలు నన్ను ఇంగువ డబ్బా అని ఏడిపించేవాళ్లు.

బాపమ్మకు రెండు కళ్లకూ పొర కమ్మింది. ఎదురుగా మనిషి నిలబడితే నీడ తెలిసేది గానీ మొహం తెలిసేది కాదు. ఆపరేషన్ చేయిద్దామని బాపు ఎప్పుడన్నా అంటే, “ఇగ సూడాల్సింది ఏమున్నదిరా, అన్ని సూసిన” అనేది. అయినా ఇంట్లో ఆమెకు తెలియని సంగతి ఉండేది కాదు. చేటలో బియ్యం పోసుకుని వేళ్లతోనే రాళ్లు ఏరేది. కందిపప్పులో వేరే పప్పు కలిసిందంటే గుప్పిట్లోకి తీసుకుని చెప్పేది. అడుగుల చప్పుడును బట్టి ఎవరు వచ్చారో, అలిగి వచ్చారో ఆకలితో వచ్చారో కూడా చెప్పేది. మధ్యాహ్నం రోకలితో వక్కలు దంచుకుంటూ, నేను బళ్లో నేర్చుకున్న ఎక్కాలన్నీ అప్పజెప్పించుకునేది. ఒక్క అంకె తప్పినా రోకలి ఆగిపోయేది. నాకు లెక్కలు బాగా వచ్చాయంటే సగం ఆ రోకలి పుణ్యమే.

మా బడి సర్కారు బడి. రేకుల కప్పు, నాలుగు గదులు. ఎండాకాలం లోపల కూర్చుంటే కుంపట్లో ఉన్నట్టుండేది, వానాకాలం సారు చెప్పేది వినపడేది కాదు. మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్లు. గిన్నె మూత తీయగానే వచ్చే ఆవిరికి మా గదిలో ఎవరికీ పాఠం ఎక్కేది కాదు. మా ఇంట్లో నన్ను ఆ ఉప్మా తిననిచ్చేవాళ్లు కాదు, డబ్బాలో అన్నం కట్టి పంపేవాళ్లు. నేను ఆ అన్నం సారక్కకు ఇచ్చి ఆమె ఆకులోని ఉప్మా తినేదాన్ని. మా స్నేహం అట్లా మొదలైంది.

సారక్క తండ్రి కొమురయ్య గంజ్‌లో హమాలి. మా దుకాణానికి బస్తాలు మోసేది కూడా ఆయనే. తల్లి లచ్చమ్మ మిర్చి బేరాలు జరిగే అడితిలో కాయలు ఏరేది. మేడారం జాతరకు పోయి మొక్కుకున్నాక పుట్టిందని బిడ్డకు సారక్క అని ఆ దేవత పేరే పెట్టారట. సారక్క మా అందరికంటే జానెడు పొడుగు. పొడుగు పిల్లలు వెనక కూర్చోవాలి. ఆలస్యంగా వచ్చేవాళ్లూ వెనకే కూర్చోవాలి. ఇంట్లో తమ్మున్ని ఎత్తుకుని తల్లి పనికి పోయేదాకా ఆగి వచ్చేది కాబట్టి ఆమె రెండు రకాలుగానూ వెనక గోడకే చెందేది. ఒకసారి వింటే చాలు, పద్యం మొత్తం తిరిగి చెప్పేది. నోటి లెక్కలు నాకంటే ముందు చెప్పేది. కానీ సారు నల్లబల్ల మీద రాసి చదవమంటే నోరు తెరిచేది కాదు. పక్క పిల్ల పలకలోకి తొంగి చూసి రాసుకునేది. పట్టుబడితే దానికి వేరే దెబ్బలు.

మా నర్సింహం సారు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎండలో సైకిలు తొక్కుకుంటూ చాలా దూరం నుంచి వచ్చేవాడు. ఒక్కనాడు ఆలస్యం కాలేదు. ఆయన దస్తూరి అచ్చు అక్షరాల్లా ఉండేది, నా రాత ఈనాటికీ ఆయన రాతే. అయితే సారక్కకు నోటితో వచ్చేది చూసి రాదంటే ఆయనకు ఒక్కటే అర్థమైంది, బద్ధకం. బద్ధకానికి ఆయన దగ్గర ఒక మందు ఉండేది. ప్రశ్న అడిగి, చెప్పనివాళ్లందర్నీ నిలబెట్టేవాడు. చెప్పినవాళ్లు పోయి నిలబడ్డవాళ్ల ముక్కు ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే, “అట్ల గాదు” అని, ఎట్లా కొట్టాలో కొట్టేవాళ్ల చెంప మీద చూపించేవాడు. ఆ రోజుల్లో చాలా బళ్లలో ఇదే పద్ధతి. తల్లిదండ్రులకు తెలుసు, తప్పనిపించలేదు. మా బాపుకు నేను కొట్టే పిల్లనని గర్వంగా కూడా ఉండేది.

మొదటిసారి సారక్కను కొట్టాల్సి వచ్చినప్పుడు నా చెయ్యి లేవలేదు. తాకీ తాకనట్టు కొట్టాను. సారు పిలిచి నా చెంప మీద చూపించాడు. ఆ మధ్యాహ్నం ఉప్మా దగ్గర సారక్క నాతో, “విజ్జీ, రేపటిసంది గట్టిగనె కొట్టు. లేకుంటె సారు నిన్ను కొడ్తడు. నాకు అలవాటైంది” అన్నది. ఆ తర్వాత నేను గట్టిగానే కొట్టాను. మొదట భయంతో కొట్టాను. తర్వాత్తర్వాత నాకు అందులో ఒక ఇష్టం పుట్టింది. అందరూ చూస్తుండగా ముందు వరుసలోంచి లేచి, గది పొడుగునా నడిచి, వెనక గోడ దాకా పోతుంటే నేను కూడా సగం సారునైనట్టు ఉండేది. పదేళ్ల పిల్లకు అటువంటి గొప్పతనం ఇంకెక్కడ దొరుకుతుంది. మధ్యాహ్నం మాత్రం ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తినేవాళ్లం. రెండింటికీ సంబంధం ఉందని నాకు తోచేది కాదు.

ఆ దసరాకు దుకాణంలో సరుకు దించేటప్పుడు కొమురయ్య వెంట సారక్క వచ్చింది. ఊరికే నిలబడ్డ పిల్లను చూసి బాపమ్మ అరుగు మీద కూర్చోబెట్టి చేటలో బియ్యం పోసి ఏరమంది. మధ్య గదిలోకి రానిచ్చేది కాదు, అది ఆమె పట్టింపు. సర్వపిండి ముక్క ఆకులో పెట్టి తగలకుండా కింద ఉంచింది కూడా నాకు గుర్తే. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. సారక్క చేటను ఎత్తి మొహానికి తాకేంత దగ్గరగా పెట్టుకుని ఏరుతోంది. గింజలు ఆమె ఊపిరికి కదులుతున్నాయి. బాపమ్మ ఆ చప్పుడు విన్నది.

“ఏం బిడ్డా, చేట మొఖానికి పెట్టుకున్నవా?” అని అడిగింది.

“ఔ అవ్వ, గట్లయితెనె కనబడ్తది” అన్నది సారక్క.

“ఆ గోడకున్నది ఏంది, చెప్పు.”

“గోడకు ఏమున్నది?”

గోడకు మూరెడు కేలండరు ఉంది. లక్ష్మీదేవి బొమ్మ. బాపమ్మ ఇంకేమీ అడగలేదు. వాళ్లు వెళ్లాక నన్ను పిలిచింది. “ఆ పొల్లకు దూరం ఆనుతలేదే. మీ సారుకు చెప్పు, ముందట కూసోబెట్టుమని. నాకు ముసల్దాన్నయినంక అచ్చింది, దానికి గిప్పుడే అచ్చింది, పాపం” అన్నది.

చెబుతా అన్నాను. చెప్పలేదు. సారుతో మాట్లాడాలంటే భయం అని ఎవరన్నా అడిగితే చెప్పేదాన్ని. అది సగమే నిజం. రెండో సగం ఏమిటంటే, సారక్క ముందుకొస్తే, ఆమెకు అన్నీ కనబడితే, నాకంటే ముందు ఆమే చెబుతుంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. దసరా పోయింది, దీపావళి పోయింది, చలికాలం పోయింది. బాపమ్మ రెండుమూడుసార్లు అడిగింది. చెప్పిన అన్నాను. ఆమె నమ్మింది. నేను రోజూ లేచి వెనక గోడ దాకా నడిచాను.

మిరపకాయల సీజను మొదలైన రోజుల్లో సారక్క బడికి రావడం మానేసింది. రెండు వారాలు దాటాక కొమురయ్య మా దుకాణంలో బస్తా దించుతూ బాపుతో అంటుంటే విన్నాను. “దానికి సదువు రాదట సేటు. సారు చెప్పిండు. రోజు దెబ్బలు తినుడు ఎందుకని మా ఆడామెతోని అడితికి పంపుతాన.” బాపు తల ఊపి తూకం చూసుకున్నాడు. నేను లోపలికి పోయి బాపమ్మ మంచం మీద పడుకున్నాను. కడుపులో నొప్పి అన్నాను. ఆమె వాము నూరి తాగించింది. ఆ రోజంతా నొప్పి లేకుండానే మూలిగాను. ఏడుపు వచ్చినా చెప్పుకోవడానికి అదొక్కటే సాకు.

అది జరిగిన కొన్నాళ్లకే సర్కారు దవాఖాన నుంచి బడికి ఒక డాక్టరు, ఒక నర్సమ్మ వచ్చారు. ఏడాదికోసారి వచ్చేవాళ్లట, మా తరగతి దాకా ఎప్పుడూ రాలేదు. డాక్టరు పక్క గదిలో ఉండిపోతే, సన్నగా, పొట్టిగా, చేతిలో నల్ల గొడుగుతో ఉన్న నర్సమ్మ మా గదికి వచ్చింది. పళ్లు చూసింది, గోళ్లు చూసింది, కళ్ల కింద రెప్ప లాగి చూసింది. గోడకు పెద్దా చిన్నా అక్షరాల అట్ట వేలాడదీసి దూరం నుంచి ఒక్కొక్కర్ని చదవమంది. చివరికి హాజరు పుస్తకంలో పేర్లు సరిచూసుకుంటూ సారక్క పేరు దగ్గర ఆగింది.

“ఈ పిల్ల ఏది సార్?”

“ఆ పిల్ల బడి ఇడిచిపెట్టిందమ్మా. మొద్దుది. ఎంత చెప్పినా ఎక్కది” అన్నాడు సారు.

నర్సమ్మ పేరు మీద గీత గీయబోయింది. నేను ఎట్లా లేచానో నాకు తెలియదు. “సార్, ఆమెకు నల్లబల్ల ఆనది సార్” అన్నాను.

సారు నా వైపు తిరిగాడు. “నీకెట్ల తెలుసు?”

“మా బాపమ్మ చెప్పింది సార్.”

“ఎప్పుడు చెప్పింది?”

అబద్ధం చెప్పొచ్చు. నిన్న అనొచ్చు. “దసరాకు సార్” అన్నాను. ఆయన లెక్క పెట్టుకుంటున్నట్టు నాకు తెలిసింది. అన్ని నెలలు, అన్ని రోజులు. ఆయన నన్ను కొడతాడని నిలబడ్డాను. కొట్టలేదు. కుర్చీలో కూర్చుని హాజరు పుస్తకం మూశాడు. నర్సమ్మే లేచి, “ఆ పిల్ల యాడుంటదో సూపిస్తవా బిడ్డా?” అని అడిగింది.

అడితిలోకి అడుగు పెట్టగానే ఘాటుకు నర్సమ్మకు దగ్గు తెర వచ్చింది. ఎర్రటి కుప్పల మధ్య ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని తొడిమలు తుంచుతున్నారు. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయను వేరే కుప్పలో వేస్తున్నారు. సారక్క తల్లి పక్కన కూర్చుని ఒక్కొక్క కాయనూ కంటి దాకా తెచ్చుకుని చూస్తోంది. కళ్లు వాచి ఉన్నాయి. నర్సమ్మ కొంచెం దూరంలో నిలబడి చెయ్యి పైకెత్తి, “ఇవి ఎన్ని వేళ్లు?” అని అడిగింది. సారక్క ఆ చేతి వైపు చూడలేదు. ఎవరైనా పెదవి కదిపి చెబుతారేమోనని తల్లి మొహం దగ్గరికి తన మొహం పెట్టింది. తర్వాత, “మూడు” అన్నది. నర్సమ్మ పిడికిలి మూసి ఉంది.

అప్పటికి కొమురయ్య బస్తా దించి వచ్చాడు. సంగతి విని తల అడ్డంగా తిప్పాడు. “ఆడపిల్లకు అద్దాలేంది నర్సమ్మా. గుడ్డిదని పేరు పెడ్తరు. రేపు ఎవడు చేసుకుంటడు?”

“అద్దాలు పెడితె పేరు పెడ్తరు. పెట్టకపోతె నిజంగనె గుడ్డిదాని లెక్క బతుకుతది. ఏది నయమో నువ్వే చెప్పన్నా” అన్నది నర్సమ్మ.

“ఇగ బడి గూడ మాన్పిచ్చిన గద.”

“బడి నువ్వు ఇచ్చింది గాదు, నేను ఇచ్చింది గాదు. అది ఆ పిల్లది. మనం గుంజుకోవద్దు, గంతే.”

కొమురయ్యకు కోపం రాలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. అంతసేపూ తలెత్తకుండా తొడిమలు తుంచుతున్న లచ్చమ్మ అప్పుడు లేచింది. కుండలో నీళ్లు ముంచి చేతులు ఒకసారి కడిగింది, రెండోసారి కడిగింది, వాసన చూసుకుని మళ్లీ కడిగింది. తడి కొంగుతో బిడ్డ మొహం తుడిచింది. “ఏది కాయో ఏది తాలో తెల్వక మేస్త్రి దీన్ని రోజు తిడ్తాండు. గీ పనికి గూడ కండ్లు గావాలె గద” అన్నది మొగునితో. తర్వాత నర్సమ్మతో, “తీస్కపో. నేను గూడ వస్త” అన్నది.

అద్దాలు రావడానికి నెల పట్టింది. ఒంటిపూట బళ్లు మొదలయ్యాక ఒక పొద్దున సారక్క వచ్చింది. నల్లటి ఫ్రేము, సీసా అడుగులాంటి అద్దాలు, వెనక తాడు కట్టి ఉంది. పిల్లలు నాలుగు కండ్లది అని నవ్వారు. ఆమె పట్టించుకోలేదు, చూడాల్సినవి చాలా ఉన్నాయి. గోడకు ఉన్న పటాలు, రేకులో చిల్లు, సారు అంగీకి లేని గుండీ, అన్నీ చూసింది. బెల్లు కొట్టాక నాకు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి నన్ను చూసింది.

“గీడికెల్లి గూడ నీ మొఖం కనబడ్తాంది” అన్నది.

“ఇంతకుముందు కనబడకపోయేదా? రోజు పక్కకే కూసుంటి గద.”

“పక్కకు కూసున్నా మసకనె. నువ్వు కొట్టెటప్పుడే మంచిగ కనబడేది. గంత దగ్గరికి ఇంకెప్పుడస్తవు.” అద్దాలు సరిచేసుకుని, “అప్పుడు నీకు జర నవ్వొచ్చేది” అన్నది.

ఆ మాటలో కోపం లేదు. చూసింది చెప్పింది. నేను నవ్వేదాన్నని నాకు తెలియదు. ఈ వయసులో కూడా అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ ఎప్పుడన్నా నా మొహం వైపు అనుమానంగా చూసుకుంటాను.

ఆ వారంలోనే ఒక రోజు సారు బోర్డు మీద భిన్నాల లెక్క వేశాడు. నాకు రాలేదు. తల వంచుకుని నిలబడ్డాను. ముందు వరుసలో నా పక్కనే కూర్చుంటున్న సారక్క జవాబు చెప్పింది. సారు మొహంలో నిజంగానే సంతోషం కనబడింది. “శభాష్. ఇగ విజయ ముక్కు పట్టు” అన్నాడు. సారక్క లేచి నా ముందుకొచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతసేపటికీ దెబ్బ పడలేదు.

“నేను కొట్ట సార్” అన్నది.

“ఎందుకు కొట్టవు?”

“కొట్ట సార్.”

సారు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే మాట. ఆయన బెత్తం తీశాడు. సారక్క అద్దాలు తీసి నా చేతిలో పెట్టి, అరచెయ్యి చాపింది. రెండు దెబ్బలు. అద్దాలు మళ్లీ పెట్టుకుని పోయి కూర్చుంది. మర్నాడు కొట్టే వంతు నాకు వచ్చింది. నేను కూడా, “కొట్ట సార్” అన్నాను. నాకూ రెండు పడ్డాయి. దెబ్బ తిన్న చేతిని చంకలో పెట్టుకుని కూర్చుంటే ఎన్నో నెలల తర్వాత ఊపిరి ఆడినట్టయింది. ఆ తర్వాతి రోజు ఇంకో పిల్లవాడు అన్నాడు. మూడు రోజుల తర్వాత సారు ఎవర్నీ కొట్టమనడం మానేశాడు. ఆయన బెత్తం మాత్రం ఆయన దగ్గరే ఉంది, అల్లరి చేస్తే పడేవి. కానీ ఒక శనివారం ఏమీ చెప్పకుండా బోర్డు మీద నాలుగు వరుసలు రాసి, ఒక్కొక్కర్ని వెనక గోడకు వీపు ఆనించి చదవమన్నాడు. ఇంకో ఇద్దరు చదవలేకపోయారు. వాళ్లను తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టాడు. సారక్కకు క్షమాపణ లాంటిది ఏదీ చెప్పలేదు. ఆ కాలంలో పెద్దవాళ్లు పిల్లలకు అటువంటివి చెప్పేవాళ్లు కాదు.

సారక్క పది దాకా చదివింది. అద్దం పగిలినప్పుడల్లా లచ్చమ్మ ఒక పూట పని మానుకుని దవాఖాన వరండాలో కూర్చునేది. పెళ్లి కాదని కొమురయ్య పడ్డ భయం ఉత్తదే అయింది. తొర్రూరు దగ్గర ఒక ఊళ్లో కుట్టుపని చేసే అతను ఆమెను ఇష్టపడి చేసుకున్నాడు. నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది.

నేను రిటైరయ్యే ముందు సంవత్సరాల్లో మాకు బాలల హక్కుల మీద శిక్షణలు పెట్టేవాళ్లు. పిల్లల్ని కొట్టడం నేరమని బడి గోడల మీద రాయించేవాళ్లం. నా చిన్నప్పుడు ఆ మాట ఎవరూ వినలేదు. మార్పు నిజమే, చిన్నది కాదు. ఇప్పుడు ఒక దెబ్బ పడితే తల్లిదండ్రులు బడికి వస్తారు, రావాలి కూడా. కానీ గోడ మీద రాత ఎంత పెద్దదైనా, ఆ గదిలో ఏ పిల్లకు ఏం కనబడటం లేదో ఎవరో ఒకరు దగ్గరికి పోయి చూస్తేనే తెలుస్తుంది. అది అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే. నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక్క గదిలో అరవై మందిని పెట్టుకుని, గొంతు పోయి, చెప్పింది వినని ఒక పిల్లవాణ్ని స్కేలుతో కొట్టాను. పిల్లవాడు ఏడవలేదు. నేను ఇంటికి పోయి అన్నం తినలేకపోయాను.

ఆ పిల్లవాణ్ని కొట్టిన తర్వాతి జూన్‌లో నన్ను తొర్రూరు వైపు ఒక ఊరికి బదిలీ చేశారు. బడి తెరిచిన రోజు వరండాలో ఒకటో తరగతిలో చేరే పిల్లల పేర్లు రాసుకుంటుంటే, పదకొండు మంది చిన్నపిల్లల్ని ఒకరి అంగీ ఒకరు పట్టుకునేలా వరుసగా నడిపించుకుంటూ ఒక పొడుగాటి మనిషి వచ్చింది. అద్దాలు మారాయి గానీ మందం అదే. సారక్క ఆ ఊళ్లో అంగన్‌వాడీ టీచరని అప్పుడే తెలిసింది. ఒకర్నొకరం చూసుకుని నవ్వుకున్నాం. పిల్లల్ని నీడలో కూర్చోబెట్టి, వాళ్లకు బెల్లం ముక్కలు పెట్టి, నా పక్కన మెట్టు మీద కూర్చుంది. లచ్చమ్మ సంగతి, బాపమ్మ పోయిన సంగతి మాట్లాడుకున్నాం. ఇంక ఆపుకోలేక చెప్పాను.

“సారక్కా, నీకు ఆనుతలేదని మా బాపమ్మ దసరాకే చెప్పింది. సారుకు చెప్పుమన్నది. నేను చెప్పలే.”

ఆమె ఆశ్చర్యపోలేదు. “నాకు గూడ ఎరుకే గద విజ్జీ, నాకు కనబడ్తలేదని. నేను చెప్పిన్నా? గుడ్డిదంటరని చెప్పలే” అన్నది.

“నువ్వు చెప్పకపోవుడు వేరు. నేను ఫస్టు రావాలని చెప్పలే.”

సారక్క పిల్లల వైపు చూసింది. “అయితె అయింది. ఇద్దరం పదేండ్ల పొల్లలం. మనం చెప్పేదాక వాళ్లు ఎందుకు ఆగాలె? పెద్దోళ్లు ఉన్నది ఎందుకు మరి?” అన్నది. ఆ తర్వాత లేచి కొంగు దులుపుకుంది. “సరె, ఇటు సూడు. వీడు యాకయ్య. ఎడమ చెవు ఇనపడది. కుడి దిక్కుకెల్లి పిలువు. పలుకకపోతె పొగరనుకోకు.”

యాకయ్య బెల్లం చీకుతూ నా ముందు నిలబడ్డాడు. తర్వాత ఇంకో పిల్లను ముందుకు తెచ్చింది. “ఈమె రాజమ్మ. తల్లి లేదు. పొద్దుగాల తినకుంట వస్తది, పది గొట్టంగ కండ్లు మూతలు పడ్తయి. జర సేపు పండుకోనియ్యి, మళ్ల మంచిగ చెప్తది.” నేను కలం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకడికి ఎడమ చేతి వాటం, కొట్టి మార్చొద్దు. ఒకడికి నత్తి, అందరి ముందు నిలబెట్టి చదివించొద్దు. ఒకామె తండ్రి తాగి కొడతాడు, మగవాళ్లు గట్టిగా మాట్లాడితే బెదురుతుంది. పదిమంది అయ్యేసరికి నా కాగితం నిండింది.

ఆఖరి పిల్ల అందరికంటే చిన్నది. సారక్క ఆ పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. బెల్లం పాకంతో అంటుకుంటున్న చిన్న చెయ్యి. నేను కలం పట్టుకుని ఎదురుచూశాను.

“ఈమె సంగతి నాకేం తెల్వది” అన్నది సారక్క. “నిన్ననే అచ్చింది. నువ్వే సూడాలె.”